తెరచాప కింది మనుషులు

తెలుగువారి సముద్రయానం గురించి గర్వంగా చెప్పుకొనే సాక్ష్యాలు మనకు కొన్ని ఉన్నాయి. శాతవాహన యజ్ఞశ్రీ నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంది. 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఉంది. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి తెప్పించిన సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనా పట్టు ఉన్నాయి. ఈ మూడింటినీ వరుసగా పేర్చి, మనది ప్రాచీన నౌకాజాతి అని ముగించటం మన చరిత్ర రచనలో ఒక ఆచారమైపోయింది. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి కనక ఆ మాట నేనూ పిల్లల చేత చదివిస్తూనే ఉన్నాను.

అయితే ఈ మూడు సాక్ష్యాలనూ కాస్త దగ్గరగా చూడాలి. నాణెం మీద ఓడ ఉంది గాని ఓడలో మనిషి లేడు. శాసనంలో సరుకుంది, సుంకం ఉంది; సరుకు మోసినవాడు లేడు. కావ్యంలో ఏనుగుంది, దాన్ని ఓడ ఎక్కించి, సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ దానికి కొలిచి నీళ్ళు పోసి, తుఫానులో దాని కాళ్ళ దగ్గర పడుకున్నవాడు లేడు. రాజు, వర్తకుడు, సరుకు - వీటి చరిత్రనే మనం సముద్ర చరిత్ర అంటున్నాం. ఓడ ఎక్కినవాడు ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, జబ్బు చేస్తే ఎవరు చూశారు, చస్తే ఏం చేశారు అనే ప్రశ్నలు చరిత్రకు తగనివని మన పండితులు భావించినట్టుంది. నా ఉద్దేశంలో అసలు ప్రశ్నలు అవే. ఆ ప్రశ్నలకు జవాబులు వెతకటానికి గోదావరి ముఖద్వారం కంటె తగిన చోటు తెలుగుదేశంలో లేదు.

కోనసీమకు ఒక వంక గౌతమి, మరో వంక వశిష్ఠ, దక్షిణాన సముద్రం. ఈ రెండు పాయల నోళ్ళ దగ్గరా రెండు మూడు శతాబ్దాల పాటు ఓడలు తయారయ్యాయి. 1669-79 మధ్య బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు వశిష్ఠ ఒడ్డున నరసాపురం, మాధవాయపాలెం దగ్గర జరిగే ఓడల నిర్మాణాన్ని గురించి రాశాడు. కోనసీమలోని బెండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీ బట్టల వ్యాపారం కోసం పెట్టుకున్న కొఠీని 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకున్నాడు. గౌతమికి ఆవలి ఒడ్డున, మన ఎదుర్లంకకు సరిగ్గా ఎదురుగా, ఫ్రెంచివారి యానాం. దానికి దిగువన కోరంగి. 1802లో ఎబినేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు కోరంగిలో ఓడల మరమ్మతుకు ఒక డాక్ కట్టించాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బందరుకూ కలకత్తాకూ మధ్య కోరంగిని మించిన రేవు ఈ తీరాన లేదు. తర్వాత గోదావరి తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది. ఈనాడు కోరంగి అంటే మడ అడవులు చూడటానికి వెళ్ళే చోటు.

రేవు పూడిపోయినా దాని పేరు పూడిపోలేదు. బర్మాలో తెలుగు కూలీని చాలాకాలం 'కోరంగీ' అనే పిలిచారు. మారిషస్‌లోనూ తెలుగువాడికి అదే పేరు. ఒక రేవు పేరు ఒక జాతి పేరుగా మారిందంటే ఆ రేవున సరుకు మాత్రమే ఎగుమతి కాలేదని అర్థం. మనుషులు కూడా ఎగుమతి అయ్యారు.

ఎందుకు అయ్యారన్నది ముందు తేల్చుకోవాలి. సాహసం కోసమో, లోకం చూడాలనో ఎవరూ ఆ ఓడలు ఎక్కలేదు. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మన నేతను దెబ్బతీసింది. ఇంజరం, మాధవాయపాలెం, బెండమూర్లంకల చుట్టూ బతికిన సాలెవాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారమే ఆగిపోయింది. అదే సమయాన నందన కరువు వచ్చింది. గుంటూరు మొదలు గోదావరి దాకా జనం రాలిపోయారు. 1839 నవంబరులో పెద్ద ఉప్పెన వచ్చింది. వీటన్నిటి మధ్యా శిస్తు వసూలు మాత్రం ఆగలేదు. రాజమండ్రి జిల్లా ఎందుకిలా చితికిపోయిందో విచారించి సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1840 దశకం మొదటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. గోదావరి పక్కనే ఉండి నీళ్ళు లేక ఎండిన ఈ పాతికేళ్ళలోనే మన మనుషులు సముద్రం మీదికి పోయారు.

అవతలి ఒడ్డున వాళ్ళ కోసం ఎదురు చూస్తున్న పెట్టుబడి ఉంది. హిందూ మహాసముద్రంలో రెండు చెరకు దీవులున్నాయి: ఫ్రెంచివారి బూర్బన్, అంటే నేటి రీయూనియన్; ఇంగ్లీషువారి మారిషస్. బానిసల రాక తగ్గిపోయి తోటల యజమానులు కొత్త చేతుల కోసం వెతుకుతున్నారు. 1828లో 'తుర్క్వాజ్' అనే ఓడ యానాం నుంచి పదిహేనుమంది తెలుగు కూలీలను బూర్బన్‌కు తీసుకుపోయింది. ఫ్రెంచి కాగితాల్లో వాళ్ళు 'తెలింగాలు'. ఒప్పందం మీద ఆ దీవికి వెళ్ళిన మొదటి భారతీయ కూలీలు వీళ్ళే. అంటే పందొమ్మిదో శతాబ్దపు ఆ మహా వలసకు తొలి అడుగుల్లో ఒకటి, మన గోదావరి ఒడ్డున పడింది. మారిషస్‌లో బానిసత్వం రద్దయింది 1835 ఫిబ్రవరి 1న; దానికి మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి ముప్ఫై ఆరుగురు కూలీలను పోర్ట్ లూయీలో దించింది. 1839లో కంపెనీ ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతిని నిషేధించి, తోటల యజమానుల ఒత్తిడికి లొంగి 1842లో మళ్ళీ తెరిచింది. 1843 ఒక్క ఏడాదిలో ముప్ఫై వేలకు పైగా భారతీయులు మారిషస్‌లో దిగారు. ఆ ఏటనే 'కోరింగ ప్యాకెట్' అనే ఓడ మన కోరంగి నుంచి తెలుగువాళ్ళను తీసుకుపోయింది. ఆ ఓడ పేరును మారిషస్ తెలుగువారు ఈనాటికీ తమ చరిత్ర మొదటి పుటగా చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక సాహిత్య విషయం గమనించాలి. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరింది 1830 మే 18న. తిరిగి వచ్చింది 1831 సెప్టెంబరు 3న. ఆ యాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. తెలుగు వచనానికి అది గర్వకారణమైన గ్రంథమనటంలో సందేహం లేదు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఏ బోయీలు ఎలా నడిచారు - అన్నీ ఆయన రాసుకున్నాడు. ఆయన వెంట పల్లకీలున్నాయి, డేరాలున్నాయి, నూరుమంది దాకా పరివారం ఉంది. 'తుర్క్వాజ్' ఎక్కిన పదిహేనుమంది ఆయనకు సమకాలికులే. వాళ్ళు పోయిన దూరం కాశీ కంటె చాలా ఎక్కువ. మన సాహిత్య చరిత్రలో ఆ యాత్రకు ఒక అధ్యాయం ఉంది. ఈ యాత్రకు ఒక వాక్యం లేదు. చదువు ఎవరి చేతిలో ఉందో యాత్రా సాహిత్యమూ వాళ్ళదే అయింది.

అంచేత ఓడలో బతుకును తెలుసుకోవాలంటే పరాయి చేతుల రాతల నుంచే తవ్వుకోవాలి. చట్టాలు, కెప్టెన్ల దినచర్యలు, విచారణ సంఘాల నివేదికలు, మరణాల పట్టికలు. ఇవన్నీ పై డెక్కు మీద కూర్చుని రాసినవే. వాటిని కింది నుంచి చదవటం మనం నేర్చుకోవాలి. ఒక చట్టం ఫలానా పని చేయకూడదని నిషేధించిందంటే, ఆ పని అప్పటిదాకా జరుగుతూ వచ్చిందని మనం చదువుకోవాలి.

ముందుగా చోటు. కూలీలకు ఇచ్చేది పై డెక్కుకూ సరుకు గదికీ నడుమనున్న అంతస్తు. 1837 నాటి చట్టమే ఓడలో చోటుకూ తిండికీ ప్రమాణాలుండాలనీ, వైద్యుడుండాలనీ అంది. అంటే అంతకు ముందు ఆ ప్రమాణాలు లేవన్నమాట. 1864 చట్టం వచ్చేసరికి లెక్క ఇంకా కచ్చితమైంది: పెద్దవాడికి 12 చదరపు అడుగుల నేల, 72 ఘనపుటడుగుల గాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. మన ఇళ్ళల్లో నులక మంచం కూడా పట్టని చోటు. ఇద్దరు చిన్నపిల్లల్ని కలిపి ఒక పెద్ద మనిషిగా లెక్క. మనిషిని ఘనపుటడుగుల్లో కొలవటం సరుకును కొలిచే పద్ధతి. అయినా ఈ కొలత ఒక సంస్కరణ; ఇది లేని రోజుల్లో 'కోరింగ ప్యాకెట్' వంటి ఓడలు పోయాయని మరువకూడదు.

పెళ్ళికాని మగవాళ్ళు ఓడ ముందు భాగాన, కుటుంబాలు నడుమ, ఒంటరి ఆడవాళ్ళు వెనక భాగాన ఉండాలి. మెడలో తగరపు బిళ్ళ, దాని మీద నంబరు. ఓడ ఎక్కిన క్షణం నుంచీ ఆ నంబరే పేరు. రేవులో నీళ్ళు చాలవు కనక పెద్ద ఓడ దూరాన సముద్రంలో లంగరు వేసుకుని ఉంటుంది. పడవలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాలి. లంకల్లో పుట్టినవాడికి నీళ్ళు కొత్త కాదు. అయితే ఏ వంక చూసినా ఒడ్డు కనిపించని నీళ్ళు కొత్త.

తర్వాత తిండి. వరి అన్నం, పప్పు, చింతపండు, మిరపకాయ, ఉప్పుచేప, కాసిని నూనె, పొగాకు. పొయ్యి పై డెక్కు మీద. పెద్ద గాలి వస్తే పొయ్యి ఆర్పేస్తారు. కర్ర ఓడకు నిప్పంత భయం మరొకటి లేదు. అలాంటి రోజుల కోసం అటుకులు, శనగలు నిలవ ఉంచేవారు. మూడు నాలుగు రోజులు వరసగా తుఫాను పట్టిందంటే అన్ని రోజులూ అటుకులే. నీళ్ళు పీపాల్లోవి, మనిషికింతని రోజూ కొలిచి పోసేవి. వారాలు గడిచేకొద్దీ పీపా నీళ్ళు రంగు మారేవి, వాసన వేసేవి. స్నానం సముద్రపు నీళ్ళతో. ఉప్పు నీటితో ఉతికిన గుడ్డ ఎప్పుడూ పూర్తిగా ఆరదు. ఒంటికి గజ్జి పట్టేది అందువల్లనే.

తెరచాప ఓడ మనిషి ఇష్ట ప్రకారం నడిచేది కాదు. కార్తీకం దాటాక ఈశాన్యపు గాలి పట్టుకుని బంగాళాఖాతం దిగితే మొదటి రోజులు బాగానే సాగుతాయి. భూమధ్యరేఖ దగ్గరికి వచ్చేసరికి గాలి చచ్చిపోతుంది. తెరచాప కొయ్యకు అంటుకుని వేలాడుతుంది. రోజుల తరబడి ఓడ అక్కడే ఊగుతూ ఉంటుంది. కింది అంతస్తులో గాలి ఆడదు. కర్ర సందుల్లో పూసిన తారు ఎండకు కరుగుతుంది. పీపాల్లో నీళ్ళు తగ్గుతూ ఉంటాయి. ఆ నిశ్చలమైన పట్టీ దాటితే ఆగ్నేయపు గాలి దొరుకుతుంది, ఓడ మారిషస్ వైపు పరుగు తీస్తుంది. అన్నీ కలిసివస్తే ఈ ప్రయాణం ఐదారు వారాలు. 1853లో 'ఒరేలీ' అనే ఓడ తమిళ తీరం నుంచి మార్టినిక్‌కు, 1854లో గ్వాడలూప్‌కు కూలీలను తీసుకుపోయింది. అటు పోయే ఓడలు ఆఫ్రికా కొసను చుట్టి మూడు నెలలూ, అంతకు పైగానూ పోవాలి. గుడ్‌హోప్ అగ్రం దగ్గర చలి గాలి, కొండల్లాంటి అలలు. మద్రాసు నుంచి గయానాకు, జమైకాకు పోయిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. చలి మంటకు మించిన చలి ఎరగని మనిషి ఆ గాలిలో ఒక్క కంబళితో గడిపాడు.

రోజెలా గడిచేది? తెల్లవారగానే కింది వాళ్ళందర్నీ పైకి తోలి నేల కడిగించేవారు. అన్నం రెండు పూటలు. సాయంత్రం ఆటలకూ పాటలకూ అనుమతి. అనుమతి ఏమిటి, ప్రోత్సాహమే. ఓడలో డప్పులు, ఢోళ్ళు ఉంచేవారు. దిగులుతో మూలకూర్చున్న మనిషి త్వరగా చస్తాడని వైద్యుల అనుభవం. కరేబియన్ తోటలకు పోయే ఓడల్లో ప్రాణాలతో దిగిన ఒక్కొక్క తలకు ఇంతని వైద్యుడికి బహుమానం ముట్టేది. ఓడ కిరాయి కూడా ప్రాణాలతో దిగినవారి లెక్క మీదనే. పాట పాడించిన దయ వెనక ఈ లెక్క ఉంది. అయితే పాడినవాడికి ఆ లెక్కతో పని లేదు. వాడు తన ఊరి పాటే పాడుకుని ఉంటాడు. వైద్యుడు అందులో ఆరోగ్యాన్ని విన్నాడు; పక్కనున్నవాడు తన ఊరిని విన్నాడు.

ఇక జబ్బు. నెత్తురు విరేచనాలు, కలరా, తట్టు. అంత ఇరుకులో ఒకరికి వస్తే ఆగేది కాదు. 1856-57లో కలకత్తా నుంచి కరేబియన్ పోయిన ఓడల్లో నూటికి పదిహేడుగురు దారిలోనే చచ్చిపోయారు. 1858లో 'సాల్సెట్' అనే ఓడ 324 మందితో ట్రినిడాడ్‌కు బయలుదేరి, 108 రోజులు పోయేసరికి నూట ఇరవై మందికి పైగా సముద్రంలో కలిశారు. దాని కెప్టెన్ స్విన్టన్, ఆయన భార్య జేన్ రాసిన దినచర్య 1859లో పుస్తకంగా వచ్చింది. కెప్టెన్ దినచర్యలో చావు అంటే తేదీ, సంఖ్య, రోగం పేరు. ఒడ్డు చేరినవారికీ భరోసా లేదు. 1856లో 'హైదరీ', 'ఫతే ముబారక్' అనే రెండు ఓడల్లో కలరా ఉందని మారిషస్ అధికారులు కూలీలను నగరంలోకి రానివ్వక గాబ్రియేల్ అనే రాతి దీవిలో దించారు. అక్కడ నీడ లేదు, చాలినన్ని నీళ్ళు లేవు. 284 మంది చనిపోయారు.

సముద్రంలో చచ్చినవాడికి దహనం లేదు, ఖననం లేదు, పిండం లేదు. గుడ్డలో చుట్టి విడిచేవారు. ఇంటి దగ్గర వాడి భార్య బొట్టు తీసెయ్యాలో ఉంచుకోవాలో తెలియక ఏళ్ళ తరబడి బతకాలి. ఓడ కథలో ఈ భాగం ఓడలో జరగలేదు. కోనసీమ గుడిసెల్లో జరిగింది. దీన్ని ఏ పట్టికా ఎక్కించుకోలేదు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. తోటల యజమానులకు కావలసింది మగ చేతులు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళుండాలని ప్రభుత్వం నియమం పెట్టేదాకా ఓడల్లో స్త్రీలు చాలా తక్కువ. నియమం వచ్చాక సంఖ్య పూరించటానికి తీర్థాల్లో దారి తప్పినవాళ్ళను, విధవలను, మొగుడు వదిలేసినవాళ్ళను పట్టుకొచ్చే దళారులు బయలుదేరారు. వాళ్ళ గొంతు మనకు వినిపించే సందర్భాలు అరుదు. 1838లో కలకత్తాలో థియొడోర్ డికెన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ముందు, మారిషస్ నుంచి తిరిగివచ్చిన బీబీ జుహూరన్ అనే స్త్రీ తనను ఎలా మోసం చేసి పంపారో, అక్కడి యజమాని ఎలా వేధించాడో నిలబడి చెప్పింది. ఆమె తెలుగామె కాదు. అయినా యానాంలో, కోరంగిలో ఓడెక్కిన ప్రతి స్త్రీ తరఫునా ఆ సాక్ష్యాన్ని మనం చదువుకోవచ్చు.

ఓడలో కులం ఏమైంది? ఈ ప్రశ్న మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. సముద్రం దాటితే కులం పోతుందనే భయంతో హిందువులు ఓడెక్కలేదన్నది మొదటిది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనీయాల్లో చేర్చిన మాట నిజం. కాని ఆ సూత్రం ఎవరికోసం? పోవటానికి కులప్రతిష్ఠ ఉన్నవాడి కోసం. గోదావరి నోట వల వేసే పల్లెకారులకు, ఓడ నడిపే వాడబలిజలకు, అగ్రహారం పొలిమేర బయట బతికే మాల మాదిగలకు ఆ సూత్రం ఏనాడూ అన్నం పెట్టలేదు. వాళ్ళను ఆపనూ లేదు. సముద్రం మీద నిషేధాన్ని యావత్తు జాతికి అంటగట్టటం, కొద్దిమంది ఆచారాన్ని అందరి చరిత్రగా రాసుకోవటమే.

ఓడలో కులం కరిగిపోయిందన్నది రెండో మాట. ఇది సగం నిజం. ఒకే పొయ్యి మీద వండింది, ఒకే పీపాలో నీళ్ళు అందరూ తాగక తప్పలేదు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు జన్మాంతం అన్నదమ్ముల్లా మెలిగారు. హిందీవాళ్ళు దాన్ని జహాజీ భాయీ చుట్టరికం అన్నారు. ఇంతవరకూ నిజమే. అయితే వంటవాణ్ణి వీలైతే పై కులాల్లోంచి ఎన్నుకున్నారు, మరుగుదొడ్లు కడిగే 'తోపాసు'ను అడుగు కులాల్లోంచి ఎన్నుకున్నారు. ఊళ్ళోని వాడలు ఓడలోకి కూడా వచ్చాయి. వలస పెట్టుబడి కులాన్ని నిర్మూలించటానికి రాలేదు. తనకు పనికివచ్చిన మేరకు దాన్ని వాడుకుంది. కులాన్ని కాస్తో కూస్తో కదిలించింది పెట్టుబడి కాదు, కలిసి పడ్డ కష్టం. ఈ రెండింటినీ ఒకటిగా చూడకూడదు.

ఓడలో ఇంకో తెగ ఉంది. వాళ్ళు కూలీలు కారు, ప్రయాణికులు కారు, ఓడ నడిపేవాళ్ళు. సరంగు, టండేలు, కలాసీ. ఈ మాటలన్నీ పర్షియన్, హిందూస్తానీ, పోర్చుగీసు కలగలిసిన ఓడ భాషలోవి. థామస్ రోబక్ అనే సైనికోద్యోగి ఈ భాషకు 1811లో ఒక నిఘంటువే కూర్చాడు. భాషా చరిత్ర చదివిన మనకు ఇందులో ఆసక్తి ఉండాలి. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం సరంగు అనే అన్నాం. ఆ మాట నిఘంటువు దారిన రాలేదు; మన కలాసీల నోట వచ్చింది. సరంగే మనుషుల్ని కుదిర్చేవాడు, ముందుగా బయానా ఇచ్చేవాడు, జీతంలో తన వాటా తీసుకునేవాడు. కలాసీ ఓడెక్కే నాటికే అప్పులో ఉండేవాడు. నాలుగేసి గంటల పహరా, గాలిలో కొయ్య ఎక్కి తెరచాప చుట్టటం, కాళ్ళ కింద ఊగే ఒక్క తాడు. ఇంగ్లీషు నావికుడితో సమానంగా ఈ పని చేసినా, 1823 నాటి బ్రిటిష్ చట్టం ఇతణ్ణి బ్రిటిష్ నావికుడిగా లెక్కించలేదు. కూలి తక్కువ, తిండి తక్కువ, పడుకొనే చోటు తక్కువ.

తుఫాను విద్య కూడా ఈ మనుషుల ప్రాణాల మీద పుట్టిందే. 'సైక్లోన్' అనే మాటను 1848లో సృష్టించింది కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. 1789 డిసెంబరులో కోరంగిని మూడు కెరటాలు వరసగా ముంచిన వైనాన్ని ఆయన లోకానికి చెప్పాడు. ఇంగ్లీషు కెప్టెన్ల లాగ్‌బుక్కులు పోగుచేసి ఆయన శాస్త్రం కట్టాడు; అది గొప్ప పనే. 1839 ఉప్పెనలో మూడు లక్షల మంది, ఇరవై వేల పడవలు పోయాయని లెక్కలేనన్ని పుస్తకాల్లో ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు జిల్లా మొత్తం జనాభా 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో కరువు, రోగాలు, వలస, ఉప్పెన అన్నీ కలిసి తగ్గించింది సుమారు 1 లక్షా 77 వేలు. ఒక్క రాత్రిలో మూడు లక్షలన్న అంకె ఈ లెక్కలో ఇమడదు. పెద్ద అంకె వేస్తే దుఃఖం పెద్దదవుతుందని చరిత్రకారులు అనుకుంటారు కాబోలు. గుండు సున్నాల వెనక చచ్చిన మనుషులు ఇంకా కనిపించకుండా పోతారు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ఊడ్చినప్పుడు కూడా, సముద్రం మీద ఉండి తిరిగిరాని మత్స్యకారుల పేర్లు లెక్కకెక్కటానికి వాళ్ళ కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరగవలసివచ్చింది. శవం లేని చావుకు కాగితం పుట్టదు.

పేర్లు పూర్తిగా పోయాయా అంటే, పోలేదు. మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ ఆనాటి వలస రిజిస్టర్లను భద్రపరిచింది. కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, వచ్చిన ఓడ. తర్వాతి కాలపు వారికి ఫొటోలు కూడా ఉన్నాయి. తెలుగు చెవి లేని గుమాస్తా విన్నట్టు రాసుకున్నాడు కనక అప్పడు 'అప్పాడూ' అయ్యాడు, వీరాస్వామి 'వీరసామి' అయ్యాడు, ఊరి పేర్లు గుర్తు పట్టలేనంతగా మారాయి. కూలీలు పోర్ట్ లూయీలో దిగిన మెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. వాళ్ళు మనల్ని గుర్తు పెట్టుకున్నారు. ఆ రిజిస్టర్లలోని ఊరి పేర్లను ఇక్కడి ఊళ్ళతో పోల్చి చూసే పనిని మన విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. గోదావరి యాసలు, ఇంటిపేర్లు, లంకల పాత పేర్లు తెలిసినవాళ్ళు తప్ప ఆ పని మరొకరు చేయలేరు. కావ్యాల్లో పాఠభేదాలు సరిచూసే విద్య మన దగ్గర ఉంది. దాన్ని కూలీ పేరు మీద ఎందుకు ప్రయోగించకూడదు?

ఇదంతా పాత కథ అనుకునేవారికి ఒక్క విషయం. ఆనాటి వలస చట్టం కూలీల కోసం ఒక అధికారిని పెట్టింది. ఇంగ్లీషులో 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్', అంటే వలసపోయేవారి సంరక్షకుడు. స్వతంత్ర భారతం 1983లో చేసిన వలస చట్టంలోనూ ఆ అధికారి పేరు అదే. తెరచాప పోయి ఆవిరి ఓడ వచ్చింది, అది పోయి విమానం వచ్చింది, పేరు మాత్రం మారలేదు. రాజోలు, అమలాపురం పల్లెల నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ ఇంటి పనికి పోయిన ఆడవాళ్ళ పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. ప్రయాణం ఐదారు వారాల నుంచి ఐదారు గంటలకు వచ్చింది. దళారీ ఉన్నాడు, ముందు అప్పు ఉంది, యజమాని దగ్గర పాస్‌పోర్టు చిక్కుకుంటుంది. ఇంటికి రావలసిన కబురు ఈనాటికీ కొన్నిసార్లు రాదు.

అభ్యుదయ రచయితలుగా మనం చేయవలసింది, ఉన్న గర్వానికి మరో గర్వం జోడించటం కాదు. ఓడ బొమ్మ ఉన్న నాణేన్ని పిల్లలకు చూపిద్దాం. తప్పులేదు. దాని పక్కనే తగరపు బిళ్ళను కూడా పెడదాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల మీద సుద్దముక్కతో గీసి, ఇందులో మన ఊరి మనిషి వారాల తరబడి బతికాడని చెబుదాం. గల్ఫు నుంచి తిరిగివచ్చిన తల్లుల మాటలను వాళ్ళ మాటల్లోనే రాసి ఉంచుదాం. 'తుర్క్వాజ్' ఎక్కిన పదిహేనుమంది విషయంలో జరిగింది వీళ్ళ విషయంలో మళ్ళీ జరగకూడదు.